బెజ్జంలో వార్నిష్

మా ఆయన అబద్ధం చెప్పాడని నాకు పట్టిచ్చింది వేలి గోరంత కూడా లేని ఒక దొంగ పురుగు.

ట్రౌట్ చేపలకు ఎరగా వేసే అలాంటి ఉత్తుత్తి పురుగుల్ని మా వంటింటి బల్ల మీద నేనే కడతాను. చిన్న గాలానికి పసుపు దారం చుట్టి, పైన మా పుంజు మెడ ఈక తిప్పితే, నీళ్ల మీద తేలే పురుగులా ఉంటుంది. ఆఖరి ముడి మీద వార్నిష్ చుక్క పెట్టాలి. అది గాలం బెజ్జంలోకి దిగితే ఈక కాడతో పొడిచి తీసెయ్యాలి, లేకపోతే దారం ఎక్కదు. ఆ శుక్రవారం పొయ్యి మీద బీన్స్ మాడుతుంటే లేచి వెళ్లి, ఆ పని మరిచిపోయాను.

శనివారం సాయంత్రం మా ఆయన వెర్లిన్, వాగు నుంచి వచ్చి, టోపీ బల్ల మీద పడేశాడు.

"ఏం పురుగు కట్టావు ఆర్ఫా! మూడు పడ్డాయి. మూడూ వదిలేశా."

టోపీకి గుచ్చిన పురుగును చూశాను. బెజ్జం నిండా వార్నిష్ గట్టిపడి ఉంది. దారమే ఎక్కని గాలానికి చేపలెలా పడతాయి?

"మూడేనా?" అన్నాను.

"ఇంకోటి జారిపోయిందిలే."

మొక్కజొన్న రొట్టె వడ్డించాను. రాత్రంతా కంటి మీద కునుకు లేదు. ఈ వసంతంలో ఈ మనిషి ఇంటికి ఒక్క చేప తెచ్చిన పాపాన పోలేదు. అన్నీ వదిలేశాడట! ఇక ఆయన ట్రక్కు ఆగేది వాగు దారిలో ఉండే లూడీ ఇంటి కంచె పక్కన. లూడీకి మొగుడు లేడు, పీచ్ పండ్ల తీపి రొట్టె మాత్రం కొండలన్నిటికీ వాసన వచ్చేలా చేస్తుంది. వాగుకు దారి ఎప్పుడూ అక్కణ్ణుంచే, నిజమే. కానీ మొన్న చర్చిలో నన్ను ఆపి, "వెర్లిన్ ఒంట్లో బాగుందా?" అని అడిగింది. నా మొగుడి ఒళ్లు ఎలా ఉంటే దానికెందుకు?

తరువాతి శనివారం వెనకే వెళ్లాను. లూడీ బట్టలు ఆరేస్తోంది.

"వాగు దగ్గరున్నాడు, వెళ్లి చూడు," అంది.

నేను అడగనేలేదు. అడగకుండా చెప్పిందంటే ముందే అనుకున్న మాటే అయ్యుండాలి. ఒళ్లు మండిపోయింది.

వెర్లిన్ మడుగు పక్కన రాతి మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా చేపలు ఎగిరి పురుగుల్ని అందుకుంటున్నాయి. ఒక చేతిలో గాలం, ఇంకో చేతిలో దారం కొస. రెంటినీ ఆకాశానికి ఎత్తి పట్టాడు. దారం బెజ్జం పక్కనుంచి పోయింది. కొసను పెదాలతో తడిపి మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ పక్కకే. చివరికి పురుగును టోపీకి గుచ్చేసి, కళ్లు మూసుకుని చేపల చప్పుడు వింటూ కూర్చున్నాడు.

కళ్లజోడు పెట్టుకున్నాడని వాళ్లన్నను ఏళ్ల తరబడి ఏడిపించిన మనిషి. "నాలుగు కళ్లవాడికి వాగెందుకు, ఇంట్లో స్వెట్టర్లు అల్లుకో!" అనేవాడు. నాకు నవ్వు రావాలి. రాలేదు. లూడీతో దొరికి ఉంటే ఇద్దర్నీ కడిగేసి వచ్చేదాన్ని. ఇలా దొరికినవాణ్ణి ఏమని తిట్టను? పిలవకుండా ఇంటికొచ్చేశాను.

తరువాతి శుక్రవారం పురుగు నెత్తిన జింక తోక వెంట్రుకలు తెల్లగా నిలబెట్టి కట్టాను, దూరం నుంచి కనబడాలని. బెజ్జం శుభ్రం చేసి, మూరెడు దారం కట్టి, దాని కొసకు ఉచ్చు వేశాను. గాలపు కర్ర దారానికీ ఒక ఉచ్చు వేశాను. ఉచ్చులో ఉచ్చు దూర్చడానికి వేళ్లు చాలు.

శనివారం సాయంత్రం రెండు చేపలు ఆకుల్లో చుట్టుకొచ్చాడు. టోపీకి ఉన్న పురుగుకు రూపమే లేదు. పసుపు దారం ఊడింది, ఈకను చేపలు పళ్లతో నమిలేశాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

అతను మాత్రం నన్నే అనుమానంగా చూస్తున్నాడు.

"లూడీ ఏమన్నా చెప్పిందా?"

"లూడీ ఏం చెప్తుంది?"

"మరి ఎవరు చెప్పారు?"

"బెజ్జం మూసుకుపోయిన గాలంతో మూడు చేపలు పట్టావుగా. ఇంకొకరు చెప్పాలా?"

చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆ నమిలిన పురుగును వేళ్లతో తడిమాడు.

"సోమవారం కళ్ల డాక్టర్ దగ్గరికి నువ్వూ రా ఆర్ఫా," అన్నాడు. "నాకు ఒక్కణ్ణే వెళ్లాలంటే భయంగా ఉంది."

చేపలకు ఉప్పు రాస్తూ సరేనన్నాను.

"అన్నకు మాత్రం చెప్పకు."