ఆముదం రాసిన టైరు

మాచర్ల బస్టాండు దగ్గర టైర్ల కొట్టు పెట్టుకున్న ఖలందర్ మా ఊరివాడే. నన్ను అక్కా అంటాడు, మా ఆయనను బావా అంటాడు. అలాంటివాడి కొట్టు నా మూలంగా ఈగలు తోలుకునే గతికి వచ్చింది.

నా నోరు గట్టిదని పేరు. ‘మా వదిన ఇక్కడ దగ్గితే మాచర్లలో తలుపులేసుకుంటారు’ అని మా ఆడబిడ్డ ఎగతాళి చేస్తుంది. కొళాయి దగ్గర బిందె జరిపిన పాపానికి ఏడు తరాలను తిట్టిపోసిన నోరు, చెప్పాల్సిన ఒక్క మాట దగ్గర పెగల్లేదు. థూ, ఏం నోరది.

మా ఆయన వెంకట్రామయ్య పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఏ ఊళ్ళో గేదె ఈనలేక అవస్థపడినా, వాన అనక ఎండ అనక మోటారు సైకిలు మీద పోవాల్సిందే. మా వీధులకు నాపరాళ్ళు పరిచి ఉంటాయి. అవి తడిస్తే మనిషికే కాలు నిలవదు, ఇక బండి సంగతి చెప్పాలా? పాత టైర్లేమో బోడిగుండులా నున్నగా అరిగిపోయాయి. అందుకని మొన్న దసరా ముందు ఇద్దరం ఖలందర్ కొట్టుకు పోయాం.

వాడు రెండు రకాలు తీసి ముందు పెట్టాడు. ఒకదాని మీద సన్నటి గీతలు. రెండోదాని మీద లోతుగా, అడ్డదిడ్డంగా గాట్లు.

“ఇది రాయి బావా, ఏళ్ళ తరబడి అరగదు. వానలో మాత్రం నమ్మొద్దు. ఈ రెండోదాని రబ్బరు మెత్తన, గోరుతో నొక్కి చూడు. గాట్లల్లోంచి నీళ్ళు పక్కకి పోతయ్యి, రబ్బరు నేలని పట్టుకుంటది. తొందరగా అరుగుద్దనుకో” అన్నాడు.

మా ఆయన కళ్ళు అరగనిదాని మీదే ఉన్నాయి.

“టైరు అరిగితే ఇంకోటి కొనొచ్చు. మనిషి పోతే ఏడ కొనేది?” అన్నాను. ఖలందర్ నవ్వి మెత్తటివే రెండూ బిగించాడు.

ఆయుధ పూజ నాడు బండిని నేనే కడిగాను. మా పుట్టింట్లో ఆ రోజు నాగలికి, కాడికి, ఎడ్ల కొమ్ములకు ఆముదం పట్టించాకే పసుపు కుంకుమ పెట్టేవాళ్ళు. ఆముదం తగలని పనిముట్టు పూజకు పనికిరాదని మా నాయనమ్మ మాట. ఎడ్లు లేని కొంపకు ఈ బండే కదా ఎద్దు అనుకున్నాను. టైర్లకు కూడా గుడ్డ ముంచి ముంచి రాశాను. నేలకు ఆనే చోటు కూడా వదల్లేదు, గాట్లలోకి దిగేదాకా రుద్దాను. రెండూ నిగనిగలాడాయి. మా ఆయన సాయంత్రం వచ్చి, “కడిగితేనే ఇంత మెరుపా?” అని మురిసిపోయాడు. నేనూ గొప్పగా నవ్వి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున సన్నగా జల్లు. పక్క ఊరి నుంచి కబురొస్తే బయలుదేరాడు. మా వీధి మలుపు కూడా దాటలేదు. బండి ఒకవైపు, మనిషి ఒకవైపు పడ్డారు. కుడి చెయ్యి విరిగింది. బండిని లేపుదామని నేను చక్రం పట్టుకుంటే చెయ్యి జర్రున జారింది. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆముదం. నా పైప్రాణాలు పైనే పోయాయి.

చెబుదామని నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నాడు. “ఆ ఖలందర్ గాడు నాసిరకం అంటగట్టాడు. వానలో పట్టుద్దంట, పట్టుద్ది.” చుట్టూ జనం. తెరిచిన నోరు మూసుకున్నాను.

కట్టు కట్టించాక చెబుదామనుకున్నాను. నొప్పి తగ్గాక అనుకున్నాను. ఈలోగా పలకరించడానికి వచ్చిన ప్రతివాడికీ మా ఆయన అదే పాట పాడాడు. కొత్తగా పెట్టిన మండలం ఆఫీసు దాకా ఆ మాట పాకింది. ఖలందర్ దగ్గర టైర్లు కొన్నవాళ్ళు ఊడదీసుకుపోయి వాడి మొహాన కొట్టి వచ్చారు. కుడి చెయ్యి కట్టులో ఉందిగా, మా ఆయనకు అన్నం నేనే తినిపించాలి. ఆముదం రాసిన వేళ్ళతోనే ముద్ద పెడుతున్నానని పెట్టినప్పుడల్లా గుర్తొచ్చేది.

చివరికి ఒక మధ్యాహ్నం ముద్ద పెడుతూ చెప్పేశాను. ఆయన నమలడం ఆపాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“ఇంకెవురికన్నా చెప్పావా?”

“లేదు.”

“చెప్పమాక. నలుగుర్లో వాణ్ణి అన్ని మాటలన్నా. ఇప్పుడు కాదంటే నా పరువేం గాను? వాడు ఎట్టనో అట్ట బతుకుతాళ్ళే. ఏమే, చూస్తావేంది, ముద్ద పెట్టు.”

పెట్టాను. అన్నిటికన్నా ఆ ముద్ద పెట్టినందుకే నా మీద నాకు ఎక్కువ అసహ్యం.

మర్నాడు ఆయనకు చెప్పకుండా బస్సెక్కాను. కొట్లో ఓ మూల వెనక్కి వచ్చిన టైర్లు గుట్టగా పడి ఉన్నాయి. ఖలందర్ భార్య గుల్షన్ నన్ను చూసి పలకరించకుండా లోపలికి పోయింది. వాడు మాత్రం స్టూలు తుడిచి వేశాడు.

“బావ చెయ్యి ఎట్టుందక్కా? నేనే రావాల. ఏ మొహం పెట్టుకోని రాను? సరుకులో తేడా నాకే తెలవలా. చానా మందికి బిగించా ఈ టైర్లు. ఇంక కొట్టు మూసేస్తన్నా. ఇంకోరి చెయ్యి ఇరగ్గొట్టలేను.”

ఊరు నమ్మిందంటే సరే, వాడే నమ్మేశాడు. నేను కూర్చోలేదు. కొట్టు ముందుకు వచ్చి, టీ బంకు దగ్గరున్న మా ఊరివాళ్ళ వైపు తిరిగాను.

“ఒరేయ్, ఇటు ఇనండి. కొత్త టైర్లకి ఆముదం రాసింది నేను. మా ఆయన చెయ్యి ఇరగ్గొట్టింది నేను. ఈడి సరుకులో లోపం లేదు. ఆ సంగతి మా ఆయనకీ తెలుసు, తెలిసే చెప్పొద్దన్నాడు.”

కదలబోయిన బస్సు డ్రైవరు ఇంజను ఆపి మరీ విన్నాడు. “టైరుకి ఆముదమా?” అని ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వనీ.

వెనక్కి తిరిగేసరికి ఖలందర్ నాకు వేసిన స్టూలు మీదే కూర్చుని, మొహం తువ్వాలులో పెట్టుకుని ఏడుస్తున్నాడు. గుల్షన్ గుమ్మంలోకి వచ్చింది.

“అన్నం మానేశాడు వదినా. నా చేత్తో మనిషిని పడేశానని రోజూ అదే మాట. ఇంత గొంతు ఉంది కదా నీకు, ఆ రోజే చెప్పకూడదా?” అంది.