లేచి నిలబడితే సరేనన్నట్టే

మా చర్చిలో ఓటు వేయడమంటే చేతులెత్తడం కాదు, లేచి నిలబడడం. నిలబడితే సరే, కూర్చుంటే కాదు. ముసలివాళ్ళ మోకాళ్ళు మాటిమాటికీ లేవనివ్వవని, ఎప్పుడో ఒక మంచి పాస్టరు అయ్యగారు చివరి తీర్మానాన్నీ ముగింపు ప్రార్థననీ కలిపేశారు. ఒక్కసారి లేస్తే రెండూ అయిపోతాయి. దాంతో చివర్లో ఏది పెట్టినా ఏకగ్రీవమే. ప్రార్థనకి లేవనివాడెవడు?

ఈ కిటుకు మా సెక్రటరీకి బాగా తెలుసు. వాడు నా బావమరిది. పెళ్ళిళ్ళకీ సభలకీ లైట్లు కడతాడు. ఊరంతా వాణ్ణి సీరియల్‌సెట్టు అంటారు.

నేను ట్రెజరర్ని. గేట్లు వెల్డింగు చేసుకు బతికేవాణ్ణి, ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. చదువుకున్నవాళ్ళెవరూ ఒప్పుకోక పదకొండేళ్ళ కింద ఈ లెక్కల పుస్తకం నా నెత్తిన పెట్టారు. ఆ పెట్టినవాళ్ళే ఏటా "లెక్క సరిగ్గా చూశావా?" అంటారు.

ఆడవాళ్ళ వైపు వెనక బెంచీల మీద కప్పు రేకులు చిల్లులు పడ్డాయి. పోయిన క్రిస్మస్‌కి వాన పడితే ఆ తడినేల మీద మా అక్క జారి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచి చేతికర్రే ఆధారం. రేకుల కోసం మూడేళ్ళుగా విడిగా పెట్టె పెట్టి అరవై మూడు వేలు పోగుచేశాను. అది వేరే పనికి తీయాలంటే ఒక్కరు కూడా కాదనకూడదని మినిట్సులో ఉంది. రాయించింది నేనే.

మీటింగు ముందురోజు బావమరిది నా షెడ్డుకొచ్చాడు.

"బావా, ఈసారి పండక్కి గోపురం మీంచి గేటుదాకా లైట్లే లైట్లు. పైన పెద్ద నక్షత్రం. గిర్రున తిరిగేది."

"డబ్బు?"

"ఉందిగా, రేకుల పెట్టెలో."

"ఒరేయ్, మా అక్క పడింది ఆ రేకుల కిందేరా!"

"వదినంటే నాకు మాత్రం ప్రేమ లేదా? ముందు వరసలో కుర్చీ వేయిస్తా, కుషను పెట్టిస్తా. లైట్లు చూసి జనం వస్తారు, జనం వస్తే కానుకలొస్తాయి, వాటితో రేకులు కొందాం. నీకు లెక్కలు తెలుసు గానీ బావా, పండగ తెలీదు."

"లైట్లు కట్టేదెవడు?"

"బయటివాడైతే ఎనభై అడుగుతాడు. మనవాణ్ణి కాబట్టి అరవై."

నా చేతిలో కటింగు మిషనుంది. దేవుడి దయ, కరెంటు లేదు. ఇంటికెళ్ళి కుషను సంగతితో సహా అంతా అక్కకి చెప్పాను.

ఆదివారం ఆరాధన అయ్యాక మీటింగు మొదలైంది. ఊడ్చే మనిషి జీతం, మైకు రిపేరు, టీ ఖర్చు అన్నీ అయ్యాయి. నేను నోరు తెరిస్తే, అయ్యగారు "ప్రార్థన తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. ఆయన మంచివాడే. అందరికీ భయపడతాడు, అంతే.

"చివరిది," అన్నాడు బావమరిది, "కప్పు డబ్బు పండగ లైట్లకి వాడుకోవడం. సరేననేవాళ్ళు ప్రార్థనకి లేవండి."

బెంచీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. నేను కూర్చునే ఉన్నాను. నిప్పురవ్వలు పడ్డా ఉలకని ఒళ్ళు నాది, చెమటతో తడిసిపోయింది. అవతలి వరసలోంచి మా ఆవిడ "లే! దేవుడి ముందు కూడా ఇదేం మొండితనం?" అని పళ్ళ మధ్యనుంచి అంది. ప్రార్థన చేస్తూనే అయ్యగారు ఒక కన్ను తెరిచారు.

ఆమెన్ అన్నాక అడిగారు. "ట్రెజరరుగారూ, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉందండీ. కాదంటున్నాను."

బావమరిది నవ్వాడు. "ఒక్కడే కదండీ. వెల్డింగు పొగకి కళ్ళు తిరిగి కూర్చున్నాడని రాస్తాను."

"ఒక్కడు కాదు, ఇద్దరం," అంది వెనకనుంచి అక్క.

"వదినా, నువ్వు లేవలేక కూర్చున్నావు. అది లెక్కలోకి రాదు."

"లేవలేకే కూర్చున్నాన్రా. ఎందుకు లేవలేనో అది కూడా రాయి. ఈ బెంచీ పక్కనే, ఆ చిల్లు కిందే అని రాయి. తేదీ కావాలా? చెప్తాను. నీ కుషను నువ్వే వేసుకో."

ప్రార్థనకి లేచినవాళ్ళు ఇంకా నిలబడే ఉన్నారు. టైలరు మామ్మ మెల్లగా కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకామె. ఆ తర్వాత ఓ నలుగురు. అది కప్పు మీద ప్రేమో, కాళ్ళనొప్పో నాకు తెలీదు. నేను అడగలేదు.

"సరే, రేకులే వేయిద్దాం," అన్నారు అయ్యగారు చెమట తుడుచుకుంటూ.

"అయితే పండగ మీరే చూసుకోండి. నావల్ల కాదు," అని బావమరిది కాగితాలు బల్ల మీద పడేశాడు.

అయ్యగారు నాలుగువైపులా చూసి చివరికి నా దగ్గర ఆగారు. "ట్రెజరరుగారికి అంత పట్టుదల ఉంది కాబట్టి, పండగ ఏర్పాట్లు కూడా ఆయనకే అప్పగిద్దాం. సరేననేవాళ్ళు లేవండి."

అందరూ లేచారు. చేతికర్ర మీద బరువంతా వేసి, పళ్ళు బిగించి, మా అక్క కూడా లేచింది.

"నువ్వు కూర్చోవే అక్కా!" అంటూ నేనూ లేచాను.

"ఏకగ్రీవం," అని బావమరిది హుషారుగా కాగితాలు మళ్ళీ తీసుకుని రాసుకున్నాడు.

రేకులకి అరవై వేలు పోతే పెట్టెలో మిగిలేది మూడు వేలు. నక్షత్రం నేనే ఇనుముతో చేయాలి. అది తిరగదు.