జానెడు తక్కువ

మూడు నెలలుగా మా బావ మీద నాకు అనుమానం.

ఆయన మా అక్క భర్త. జలాశయం గట్టు మీద నీటిమట్టం చూసే ఉద్యోగం. రోజూ ఉదయం ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ రాతిమెట్లు దిగి, నీళ్లలో నిలబెట్టిన కొలబద్ద మీద అంకె చూసి నాకు ఫోన్లో చెబుతాడు. నేను కంట్రోల్ రూమ్‌లో ఆ అంకెను పట్టికలో వేసి, ఎన్ని నీళ్లు ఉంచాలో, ఎన్ని వదలాలో లెక్క తేల్చి పెద్దసారుకి ఇస్తాను. నిర్ణయం ఆయనది. మూడు నెలల కిందట నీళ్లలో సెన్సర్ పెట్టారు. ఆనాటి నుంచీ అది చూపే మట్టం బావ చెప్పే దానికన్నా ఇరవై సెంటీమీటర్లు ఎక్కువ. ఒకరోజు పదీ ఒకరోజు ముప్పై అయితే పొరపాటు అనుకునేవాణ్ణి. పొరపాటుకు అంత క్రమశిక్షణ ఉండదు.

మెకానిక్ రెండుసార్లు వచ్చి సెన్సర్‌కు ఏ రోగమూ లేదన్నాడు. అయినా ఆఫీసులో అందరూ బావ పక్షమే. ఇరవై ఆరేళ్లుగా చూస్తున్న కళ్లను కాదని మొన్న వచ్చిన డబ్బాను నమ్ముతావా అని నవ్వారు. నేనూ నవ్వాను. లోపల వేరే లెక్క నడుస్తోంది. అక్కావాళ్ల ఇల్లు ఆనకట్ట కింద దిగువపేటలో, ఏటికి దగ్గరగా, చిట్టచివరి వరుసలో. గేట్లు ఎత్తితే మొదట తడిసేది వాళ్ల గుమ్మమే. మట్టం తక్కువ చెబితే గేట్లు ఎత్తే అవసరం రాదు. ఇంతకన్నా కారణం ఏం కావాలి?

అనుమానం పెనుభూతమంటారు. నాది అంత పెద్దది కాదు, పిల్లిలా చప్పుడు లేకుండా ఇల్లంతా తిరిగేది. అక్క ఇంట్లో భోజనానికి కూర్చుని బావ ముఖంలో అబద్ధం ఎక్కడుంటుందా అని వెతికేవాణ్ణి.

"ఏంట్రా అలా చూస్తున్నావు, పెళ్లిచూపులకి వచ్చినట్టు?" అన్నాడు ఒకసారి.

అక్క నవ్వింది. ఆమె నవ్వు మీద కూడా నాకు అనుమానం కలిగింది.

ఆ గురువారం ఉదయం వాన హెచ్చరిక వచ్చింది. ఒకప్పుడు నలభై రోజులు కురిసే వాన ఇప్పుడు నాలుగు రోజుల్లో కురిసి వెళ్లిపోతోంది. మా పట్టికలు మాత్రం నలభై రోజుల వానకు రాసినవి. మర్నాటి నుంచి ఎగువన పడబోయే వానకు జలాశయం ఎనభై సెంటీమీటర్లు పెరుగుతుందని అంచనా. కాగితం మీద మీటరు ఖాళీ ఉంది. కాగితం నిజమైతే గేట్లు ఎత్తనక్కర్లేదు. ఎత్తాక వాన రాకపోతే వేసవిలో ఊరి కొళాయిలు ఎండుతాయి. ఎత్తకుండా వాన వస్తే, కాగితం అబద్ధమైతే, నీళ్లు గట్టు మీంచి పొర్లుతాయి. నాలుగింటికి పెద్దసారు సమావేశం.

మధ్యాహ్నం నేనే మెట్లు దిగి చూశాను. కొలబద్దకూ సెన్సర్‌కూ తేడా లేదు. తేడా బావ నోట్లో ఉంది.

ఆయన పైన గదిలో టిఫిన్ డబ్బా కడుక్కుంటున్నాడు.

"బావా, నువ్వు అంకె తప్పు చెబుతున్నావు."

ఆయన తొణకలేదు. "తప్పు కాదు. జానెడు తక్కువ."

తన ముందు పనిచేసినాయన గది తాళం ఇస్తూ ఆ మాట చెప్పాడట. ఆయనకు ఆయన ముందువాడు. ఒక కరువేడు ఆఫీసు లెక్కల్లో జలాశయం అడుగంటినా, ఇంకో పదకొండు రోజులు ఊరికి నీళ్లు వచ్చాయట. అవి ఈ జానెడులోవేనట.

"నాకైనా చెప్పొచ్చుగా?"

"ఆఫీసుకి తెలిసిన నీళ్లు మిగలవురా."

మీ ఇంటి కోసం కాదా అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆయన డబ్బా మూత పెట్టి నా వంక చూశాడు.

"గట్టు పొర్లితే మొదట కొట్టుకుపోయేది ఎవరిల్లు? అది లెక్కెయ్యలేదా నువ్వు?"

వెయ్యలేదు. వెనక్కి నడుస్తుంటే నేను వెయ్యని ఇంకో లెక్క గుర్తొచ్చింది. నా పట్టికలో ఆవిరయ్యే నీళ్లకు ఒక గడి ఉంది, బావ చెప్పిన మట్టంలోంచి అది తీసేశాకే ఖాళీ ఎంతో తేలుతుంది. అందులో ఏళ్ల తరబడి కాస్త ఎక్కువే రాస్తూ వచ్చాను, వేసవికి పనికొస్తాయని. అలా నేను దాచింది ముప్పై సెంటీమీటర్లు. బావది ఇరవై. కాగితం మీది మీటరు ఖాళీలో సగమే నిజం. ఆయన దొంగతనం మూడు నెలలు నన్ను నిద్రపోనివ్వలేదు. నాది నాకు జాగ్రత్తలా కనిపించింది.

సమావేశంలో నా ముప్పై చెప్పకుండా దాటేయొచ్చు. తప్పంతా బావ కళ్ల మీదికి నెట్టేయొచ్చు. కాసేపు ఆ ఆలోచనతో హాయిగానే ఉన్నాను. తర్వాత రెండూ చెప్పేశాను. పెద్దసారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంకా ఎవరి దగ్గర ఎంత దాచి ఉందో ఇవాళ ఒక్కరోజు చెప్పేయండి."

అయిదింటికి మూడు గేట్లూ మూడేసి అడుగులు ఎత్తమన్నాడు. దిగువపేటకు బావతో కబురు పంపమన్నాడు.

గేట్లు ఎత్తే ఆపరేటర్‌ను మేమంతా నత్త అంటాం. మూడడుగులూ ఎత్తేశానని ఫోన్ చేశాడు. నిన్నటిదాకా అయితే నమ్మేవాణ్ణి. గేట్ల దాకా నడిచి వెళ్లి చూశాను. ఎత్తు చూపే ముల్లు రెండడుగుల దగ్గర ఉంది.

"మీ అక్కగారిల్లు కిందే కదండీ," అన్నాడు తల గోక్కుంటూ. "కాస్త చూసి ఎత్తుదామని..."

కోపం రాలేదు. ముల్లు మూడు దాటేదాకా మీట మీంచి నా వేలు తీయలేదు. మిగతా రెండు గేట్లకూ అంతే. నీళ్లు దిగువపేట వైపు మలుపు తిరగడం చూస్తూ అక్కకు ఫోన్ చేశాను. మడమల దాకా అనే మాట నాలుక చివరికి వచ్చింది.

"మోకాళ్ల దాకా వస్తాయక్కా. సామాను పైన పెట్టి మా ఇంటికి వచ్చేయండి."

"మోకాళ్లేనా?"

"మోకాళ్లే."

ఫోన్ పెట్టేసే ముందు ఆమె బావతో అనడం వినిపించింది. "వీడు మోకాళ్లంటున్నాడు. నడుం దాకా అనుకుని సర్దండి."

వాన మర్నాడు మధ్యాహ్నం మొదలై శనివారం రాత్రి దాకా కురిసింది. నీళ్లు గట్టు అంచు దాకా రాలేదు. ఎంత కింద ఆగాయో ఆదివారం ఉదయం బావ ఫోన్లో చెప్పాడు. రాసుకుని, గొడుగు తీసుకుని, మెట్లు దిగి చూసి వచ్చాను. ఆయన చెప్పింది నిజమే. అయినా సాయంత్రం మళ్లీ వెళ్లాను.