గ్రనాడా బదులు

భర్త నిజాముద్దీన్ చనిపోయి ఆరు నెలలైంది. హుస్నా బడికి వెళ్తూనే ఉంది, వంట చేస్తూనే ఉంది, ఎవరేం అడిగినా "సరే" అంటూనే ఉంది. ఈమె కంట నీళ్లే రావడం లేదని చుట్టాలు గుసగుసలాడుకున్నారు. అది హుస్నాకూ తెలుసు. టీ తాగి గ్లాసు కింద పెట్టాక కూడా అందులో చక్కెర ఉందో లేదో ఆమెకు గుర్తుండేది కాదు.

నిజాముద్దీన్ శ్రీరాంపూర్‌లో ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గుబాయి దిగాడు. రిటైరయ్యాక భార్యను స్పెయిన్ తీసుకెళ్లాలని, గ్రనాడా కోట చూపించాలని అతని కోరిక. పాస్‌పోర్టులు కూడా చేయించాడు. రిటైరైన పంతొమ్మిదో రోజు పొద్దున, నమాజుకు ముందు కాళ్లు కడుక్కుంటూ నల్లా దగ్గరే కూలిపోయాడు.

హుస్నా చెల్లెలు బిల్కీస్ ఊరుకోలేదు. "ఆపా, దుల్హాభాయ్ నిన్ను స్పెయిన్ తీస్కపోవాల్నని అంత ఆశపడె. నేనొస్త నీతోని. గిట్ల ఇంట్లనే కూసుంటే రాయైపోతవ్."

"సరే" అంది హుస్నా.

రెండో శనివారం ఇద్దరూ మంచిర్యాల స్టేషన్ రోడ్డులోని ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్లారు. అది నడిపే అరుణ్‌కుమార్ కంప్యూటర్ తెరను వాళ్ల వైపు తిప్పాడు.

"ఎనిమిది రోజులు మేడం. మాడ్రిడ్‌ల దిగుతరు, మళ్ల ఆడికెల్లే వాపస్. నడుమ రెండు మూడు ఊర్లు చూసుకోవచ్చు. బార్సిలోనా పెట్టాల్నా?"

"సరే."

"సెవిల్లా?"

"సరే."

"కార్డోబా, గ్రనాడా, టోలేడో?"

"సరే."

అరుణ్‌కుమార్ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. "అన్నిటికి సరే అంటే రోజులు సాలవు మేడం. కొన్ని ఇడువాలె."

"ఏదన్న మీరే తీసెయ్యిండ్రి."

బిల్కీస్ కలగజేసుకుంది. బార్సిలోనా దూరం, వద్దంది. సెవిల్లాలో ఎండలట, అదీ వద్దంది. కార్డోబాలో పాత మసీదు చూడాల్సిందే. గ్రనాడా సంగతి ఇక అడగనే అక్కర్లేదు. అరుణ్‌కుమార్ మ్యాపులో ఊరికీ ఊరికీ గీత గీస్తున్నాడు. కళ్లముందు ఉంది కాబట్టి హుస్నా ఆ గీతనే చూస్తోంది. కార్డోబాకు పైన, చిన్న అక్షరాల్లో, ఒక పేరు కనిపించింది. అల్మాదేన్.

ఆమె ఉర్దూ మీడియం టీచరు. ఇరవై ఏళ్లుగా ఐదో తరగతి పిల్లలకు 'మాదనియాత్' పాఠం చెబుతోంది, భూమిలోంచి తవ్వే ఖనిజాల పాఠం. మాదన్ అంటే గని. ఆ ఊరి పేరులో ఆమెకు అదే మాట వినిపించింది.

"గీ ఊరు ఏంది?" అని తెర మీద వేలు పెట్టింది.

ఆఫీసులో అడుగుపెట్టాక ఆమె తనంతట తాను మాట్లాడటం అదే మొదలు. అరుణ్‌కుమార్ వెతికి చదివాడు. "పాదరసం తీసే బాయి ఉండెనంట మేడం. వందల ఏండ్లు నడిచి బందైంది. ఇప్పుడు సూడవోయినోళ్లను నెత్తికి టోపీ పెట్టి లోపటికి దింపుతరంట. మనోళ్లు ఎవ్వలు పోరు."

"ఆడోళ్లను సుత దింపుతరా?"

"అందర్ని."

ముప్పై ఒక్క ఏళ్లు భర్త దిగిన చోటును హుస్నా ఒక్కసారీ చూడలేదు. లోపల ఎట్లుంటదని అడిగితే, "ఏముంటది, చీకటి" అని చెయ్యి విదిలించేవాడు.

"గ్రనాడా తీసెయ్యిండ్రి. గిది పెట్టుండ్రి."

"పాగలైనవా ఆపా? ఆయన పోదామన్నదే గ్రనాడా!"

"ఆయన లేడు గద" అంది హుస్నా. గొంతులో ఏ మార్పూ లేదు.

అక్టోబరులో వెళ్లారు. మాడ్రిడ్‌లో హుస్నా మేడలు చూసింది, టోలేడోలో రాతి వీధులెక్కింది. ఏదీ ఆమెను తాకలేదు. అల్మాదేన్‌లో బిల్కీస్ ఇనుప లిఫ్టును చూసి భయపడి పైనే కూర్చుండిపోయింది. హుస్నా ఒక్కతే దిగింది. దారి చూపే అమ్మాయి హుస్నా స్కార్ఫు మీద టోపీ పెట్టి గడ్డం కింద పట్టీ బిగించింది. ఆ అమ్మాయి చెప్పే స్పానిష్‌లో ఒక్క ముక్కా హుస్నాకు అర్థం కాలేదు. గోడ మీద చెయ్యి వేస్తే తడి. తల ఎత్తితే టోపీ కప్పుకు తగిలి టక్కుమంది. అందరికంటే వెనక నడిచింది. ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు.

పైకి రాగానే బిల్కీస్ ఎదురొచ్చింది. "ఎట్లుంది ఆపా?"

"సల్లగుంది. మన బాయిల ఉడుకుంటదట. అంగి పిండితే నీళ్లు కారేటివి ఆయనకు."

కార్డోబా పోయే కారు ఎక్కాక కూడా ఆ మాట ఆగలేదు. అంగి ఉతికితే బకెట్‌లో నీళ్లు ఎట్లా నల్లబడేవో చెప్పింది. ఎంత తోమినా అతని చెవుల వెనక మిగిలే మసి గురించి, పెళ్లయిన కొత్తలో ఆ మసిని కాటుక అనుకొని తాను నవ్విన రోజు గురించి చెప్పింది. దారి పొడుగునా ఆలివ్ తోటలు వెళ్లిపోతున్నాయి. బిల్కీస్ బయటికి చూడకుండా అక్క చేతిని పట్టుకొని వింటూ కూర్చుంది.