మొదటి తట్ట మన్ను

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, ఒత్తులు తప్పుతాయి. మనవరాలు చిన్ని నాచేత పలక మీద దిద్దించిన చదువు నాది, అదీ ఈ వయసులో. ఒక్కో మాట రాసేసరికి పొద్దు వాలుతుంది. చదివేవారు ఓపిక పట్టి మన్నించాలి. ఇది మా ఆయన ఓబులేసు కథ. ఇందులో వచ్చే పుల్లమ్మ నేనే అయినా, పక్కింటామె సంగతిలా చెబుతాను. అలా అయితేనే నాకు చెయ్యి ఆడుతుంది.

ఓబులేసు మోకును ఒళ్లో వేసుకుని, వేళ్ల మధ్య నుంచి జానెడు జానెడుగా లాగి చూస్తున్నాడు. బావిలో దిగే రోజు ఉదయం ఆయన మొదటి పని ఇదే. పొట్టి మనిషి. భుజాలు మాత్రం వెడల్పు. రాతికట్టుకు ఒరుసుకుని ఒరుసుకుని మోకాళ్లు నల్లగా కాయలు కాశాయి. రాళ్ల సందుల్లో పట్టు కోసం పాకులాడిన కాలివేళ్లు ఒకదానికొకటి ఎడంగా విడిపోయాయి. జీవితంలో సగం చీకట్లో గడిపినందుకేమో, ఎండలో కళ్లు నీళ్లు కారేవి.

"ఏం మామా, తాడు చూస్తాండావా, జపం చేస్తాండావా?" అంది పుల్లమ్మ గడపలోంచి.

"నీ చేతికిచ్చేది నా పానాన్ని. చూసుకోవద్దా?"

వాళ్లది బావులు తవ్వే ఇల్లు. అనంతపురం వైపు నుంచి ఓబులేసు తండ్రి గునపం భుజాన వేసుకుని బెంగళూరు వచ్చాడు. మగవాళ్లు లోపల తవ్వుతారు, ఆడవాళ్లు పైన తాడు లాగి మన్ను మోస్తారు. పెళ్లయిన కొత్తలోనే పుల్లమ్మ చేతికి తాడు వచ్చింది. తర్వాత ఊరంతా బోర్లు వేశారు. కొత్త బావి తవ్వమనే వాళ్లు లేకపోయారు. తోటివాళ్లు మేస్త్రీ పనుల్లోకి, జిగణి ఫ్యాక్టరీల్లోకి పోయారు. ఓబులేసు మాత్రం ఉన్న బావుల్ని కాపాడుకోవడం మొదలుపెట్టాడు.

ఏ సందులో పాత బావి కనిపించినా గట్టు మీద వంగి లోపలికి చూడవలసిందే. చెత్త ఉంటే ఇంటివాళ్లను పిలిచి, ఊరికే తీసిపెడతానని బతిమాలేవాడు. కొందరు నవ్వేవారు, కొందరు కుక్కను వదిలేవారు. దోమలు పడతాయని పూడుస్తామంటే తానే చేపపిల్లలు తెచ్చి వదిలేవాడు. ఆదివారం అందరూ పిల్లల్ని పార్కుకు తీసుకుపోతే, ఈయన కొడుకు మునిరాజును భుజాన ఎక్కించుకుని, కూతురు సుజాత చెయ్యి పట్టుకుని బావులు చూపించడానికి పోయేవాడు. దారిలో మిక్చర్ పొట్లాలు కొనిచ్చేవాడు కాబట్టి పిల్లలూ సంతోషంగానే పోయేవారు. పుల్లమ్మకు జ్వరం వస్తే సుజాతకు జడ ఆయనే వేసేవాడు. మోకు మెలి తిప్పినట్టు ఎంత బిగించేవాడంటే పిల్ల కనుబొమలు పైకి లేచేవి. బడిలో నవ్వినా సరే, సుజాత ఆ జడ విప్పనిచ్చేది కాదు.

ఆ రోజు శ్రీనివాసప్ప రమ్మన్నాడు. బెళ్ళందూరు వెనక, అపార్ట్‌మెంట్ల మధ్య చిక్కుకున్న పాత ఇల్లు ఆయనది. పెరట్లోని బావి ఓబులేసు తండ్రితో కలిసి తవ్వినది. పైన తాడు లాగింది పుల్లమ్మ. ఏటా వానలకు ముందు పూడిక తీయడానికి పిలుస్తారు. ఈ పిలుపూ అందుకే అనుకున్నారు ఇద్దరూ.

గేటు దగ్గర ఎర్రమన్నుతో ట్రాక్టర్ నిలబడి ఉంది. దాని పక్కన మునిరాజు. ట్రాక్టర్ వాడిదే. తండ్రిని చూసి తల దించుకున్నాడు.

శ్రీనివాసప్ప వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "రాప్పా ఓబులేసు. ఇన్నేండ్లయినా పెండ్లాన్ని ఎంటేసుకునే వస్తాండావు. నీకు బావంటే ఇష్టమా, పెండ్లామంటేనా?"

"లోపలికి దిగినాక పెండ్లామే సామీ. తాడు ఆమె చేతిలో ఉంటాది కదా."

శ్రీనివాసప్ప నవ్వాడు కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆయన కొడుకు లలిత్ ముందుకొచ్చాడు. "అన్నా, బావి క్లోజ్ చేస్తుండాము. కార్లు పెట్టేకి జాగా లేదు, టెనెంట్లు ఖాళీ చేస్తామంటుండారు. ఇంట్లో ఆడోళ్లేమో, తవ్విన ఇంటి చెయ్యే మొదటి తట్ట మన్ను వెయ్యాలని పట్టుబట్టినారు."

"మూత వేయించు నాయనా. కార్లు మూత మీదనే పెట్టుకోండి. దీంట్లో ఇంకా ఊట ఉండాది."

"ఇంజనీర్ని అడిగినానన్నా. అంత బరువు ఆగదంట."

ఓబులేసు శ్రీనివాసప్ప వైపు చూశాడు. ఆయన కుర్చీ చేతిని గోటితో గీకుతూ కూర్చున్నాడు. "నా మాట చెల్లే కాలం అయిపోయిందప్పా" అన్నాడు.

మునిరాజు దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "ఏ బావో తెలీకుండా ఒప్పుకున్నా నాయనా. ఇప్పుడు కాదంటే ఇంగెవురూ నన్ను పనికి పిలవరు. ఆ తట్ట నేనేస్తాలే. నువ్వు ఇంటికి పో."

నీళ్లున్న బావిని ఏ చెయ్యి పూడిస్తే, ఆ మనిషికో, వాళ్లకు పుట్టబోయే బిడ్డకో కీడు తప్పదని వాళ్లలో నమ్మకం. వాళ్ల ఇంట్లో అంతవరకూ అలాంటి చెయ్యి లేదు. కోడలు, మునిరాజు భార్య స్వప్న నిండు నెలలతో ఉంది. పుల్లమ్మ మొగుడి ముఖంలోకి చూసింది. ఆయనకూ అదే తలపు వచ్చిందని తెలిసిపోయింది. ఎవరిని వద్దనాలి, కొడుకునా, మొగుడినా?

ఓబులేసు గట్టు మీద చెయ్యి ఆనించి లోపలికి వంగి చూశాడు. తర్వాత చొక్కా విప్పాడు. "ఒకసారి దిగొస్తా. మురికితో పూడ్చకూడదు" అన్నాడు.

దీపం దించి, లోపల గాలి ఆడుతుందో లేదో చూసుకుని, ఆయన రాళ్ల సందుల్లో వేళ్లు పెట్టుకుంటూ దిగిపోయాడు. తట్టలు పైకి రాసాగాయి: ఆకులు, కొబ్బరి చిప్పలు, ఎవరిదో చెప్పు, మెత్తటి నల్ల బురద. దోమల కోసం తాను వదిలిన చేపల్ని కూడా బకెట్లో పట్టి పంపాడు.

"ఏమే, పైన నిద్రపోయినావా?"

"నువ్వు కింద కాపరం పెట్టినావేమోనని చూస్తాండా!"

తర్వాత తాడు కదలలేదు. పుల్లమ్మ గట్టు మీద వంగి, "మామా" అని గట్టిగా పిలిచింది.

లోపల్నుంచి గొంతు మెల్లగా వచ్చింది. "ఊట చూస్తాండా. తోడేకొద్దీ వస్తానే ఉండాది, పిచ్చిది."

పైకి వచ్చాక ఒళ్లు తుడుచుకోలేదు. లలిత్ భార్య పసుపు కుంకుమ చల్లి, కర్పూరం వెలిగించి పక్కకు తప్పుకుంది. మునిరాజు తట్ట నింపుకుని నిలబడ్డాడు. ఓబులేసు దాన్ని వాడి చేతుల్లోంచి లాక్కున్నాడు.

"నాయనా—"

"నువ్వు చేత్తో ముట్టొద్దు. మిగిలింది ట్రాక్టర్ పోస్తాది."

పుల్లమ్మ పోయి తట్టకు ఒక పక్క చెయ్యి వేసింది. "నేనూ పడతా."

"తాడు పట్టినావు, చాల్లే" అని ఆమె వేళ్లను ఒక్కొక్కటే విడదీశాడు. తట్ట బోర్లించాడు. నీళ్ల మీద మన్ను పడిన చప్పుడు అందరికీ వినిపించింది. ఆ తర్వాత ట్రాక్టర్ వెనక్కి వచ్చి తొట్టి ఎత్తింది.

ఇంటికి వచ్చి వేడినీళ్లు పోసుకున్నాడు. స్వప్న తిన్నదా అని అడిగి, తిన్నదన్నాక రాగిముద్ద కొంచెం మింగాడు. చాప పరుచుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లారి టీ కాచి తెచ్చి పుల్లమ్మ పిలిచింది. మళ్లీ పిలిచింది. భుజం పట్టుకుంటే చల్లగా తగిలింది. ముఖంలో బాధ ఏమీ లేదు. గోళ్లలో మాత్రం ఆ నల్ల బురద అలాగే ఉంది.

మునిరాజు తల బాదుకున్నాడు. "నేనేసుండాల్సింది అమ్మా. నేనేసుంటే నాయన బతికుండును కదా?" పుల్లమ్మ అవుననలేదు, కాదనలేదు. అవునంటే స్వప్న కడుపు గుర్తొస్తుంది. కాదంటే ఆయన. కొడుకు తలను ఒళ్లోకి తీసుకుని కూర్చుంది, అంతే.

స్వప్నకు మగబిడ్డ పుట్టాడు. బాగున్నాడు. పురుడు వెళ్లాక ఇల్లు కడుగుతూ స్వప్న, మంచం కింద మూలలో ఒక ప్లాస్టిక్ సీసా చూసి, పాత నీళ్లని పారబోయబోయింది. పుల్లమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. మూత మీద గుడ్డపీలిక చుట్టి, ఓబులేసు వేసే మోకు ముడి వేసి ఉంది. ఆ బావి నీళ్లు ఆయన అందులో ఎప్పుడు నింపాడో, ఎలా పైకి తెచ్చాడో తాడు పట్టిన మనిషికే తెలియలేదు. హొసకోటెకు, కూతురి ఇంటికి వచ్చేటప్పుడు దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. ఇప్పుడది కిటికీలో ఉంది. బురద అడుక్కు దిగింది, పైన నీళ్లు తేటగా ఉన్నాయి.

— పుల్లమ్మ, అరవై ఎనిమిదేళ్లు, కూతురు సుజాత ఇల్లు, హొసకోటె.