శ్యాంసుందర్ ఫోల్డర్‌లోని స్క్రిప్టు

నాకు కోపమొస్తే నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆ పొద్దున కూడా అంతే.

భేస్తాన్‌లోని మా మగ్గాల షెడ్డులో డిజైన్లన్నీ ఒకే లినక్స్ కంప్యూటర్ నుంచి మగ్గాలకు పోతాయి. దాని మంచిచెడ్డలు చూసేది నేను. రోజూ పొద్దున్నే వచ్చి దాన్ని ఆన్ చేసేది లింగం బాబాయి. ఆ రోజు కంప్యూటర్ లేచింది గానీ ఒక్క మగ్గమూ కదల్లేదు.

"మళ్లా ఏ వైరు గుంజినవ్ బాబాయ్? ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అని అందరి ముందూ అరిచాను. పక్కనే ఉన్న షెడ్డు యజమాని సేఠ్‌కు ఆ మాట చాలు. రేపటి నుంచి రావద్దన్నాడు. బాబాయి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు కూర్చుని, కంప్యూటర్ ఏం జరిగిందో రాసుకునే లాగ్ తెరిచాను. కంప్యూటర్ లేవగానే నడిచి డిజైన్లను మగ్గాలకు పంపాల్సిన స్క్రిప్టు దొరకడం లేదట. అలాంటిది అందరిదీ అయిన /usr/local/bin ఫోల్డర్‌లో ఉండాలి. దాన్ని నడిపించే సర్వీస్ ఫైలు /etc/systemd/systemలో ఉండాలి. ఇదంతా అమర్చిన శ్యాంసుందర్ సర్వీస్ ఫైలు సరిగ్గానే పెట్టి, స్క్రిప్టును మాత్రం తన హోమ్ ఫోల్డర్‌లో దాచుకున్నాడు. షెడ్డు సామాను వాడింట్లో ఎందుకు? వాడు పని మానేశాడని నిన్న సాయంత్రం వాడి అకౌంట్‌ను ఫోల్డర్‌తో సహా తీసేసిందెవరు? నేనే.

ఒళ్లు మండి వాడికి ఫోన్ చేశాను. "చల్తా థా నా, సింధూజా!" అని నవ్వాడు, ఇన్నాళ్లూ నడిచింది కదా అన్నట్టు. నోటికొచ్చినట్టు తిట్టాను. వాడి దగ్గరున్న కాపీ తెప్పించుకుని, ఉండాల్సిన చోట పెట్టి, సర్వీస్ ఫైల్లో దారి మార్చి రీబూట్ చేశాను. షెడ్డంతా మోత మొదలైంది.

తప్పు నాదేనని సేఠ్‌కు చెప్పాను. "తో బులా లో లింగం కో," అయితే మళ్లీ పిలుచుకో అన్నట్టు, అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండానే. ఆ తీరు చూసి మళ్లీ మండింది. కానీ ఎవరి మీద మండాలి?

మధ్యాహ్నం బాబాయి ఇంటికి వెళ్లాను. మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా చెప్పి, రేపు పనికి రమ్మన్నాను.

"మిషన్ నడువకుంటే, ఏది యాడ పెట్టిండ్రని గింత దేవులాడినవ్ గద బిడ్డా," అన్నాడు. "నన్నైతే ఒక్క మాట అడగకపోతివి."

లేచి లోపలికి పోయి తలుపేసుకున్నాడు.