నేరడిగొండ దాకా తొవ్వ ఒకటే

రాజం కరీంనగర్‌లో కాంటాల మెకానిక్. లారీలను, ట్రాక్టర్లను సరుకుతో సహా తూచే కాంటాలు చెడిపోతే బాగుచేస్తాడు. పత్తి వచ్చే నెలల్లో ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులకు వెళ్తుంటాడు. వెళ్లిన ప్రతిసారీ నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతానికి దారి చూపే బోర్డు కనిపిస్తుంది. ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ ఆ దారి పట్టలేదు.

అతని భార్య అనసూర్యకు ఆ జలపాతం చూడాలని ఏడేళ్లుగా ఉంది. ఎండాకాలం రాజం ఖాళీగా ఉంటాడు, అప్పుడు కుంటాలలో నీళ్లుండవు. నీళ్లున్న నెలల్లో అతనికి పని. ఈ సంగతి తెలుసు కాబట్టి ఆమె గట్టిగా అడగలేదు. పెళ్లయ్యాక ఆమె చేసిన ప్రయాణాలు కొండగట్టుకు, వేములవాడకు, కంటి ఆపరేషన్‌కు హైదరాబాద్‌కు.

నవంబరులో ఒక సోమవారం సాయంత్రం రాజం ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"రేపు నాతోని వస్తవా? ఆదిలాబాద్ మిల్లు రేపు బంద్ అట. కుంటాల చూసుకుంట పోదం. ఆడ లాడ్జిల ఉండి, ఎల్లుండి కాంటా పని చూసుకొని వద్దం."

"మిల్లు బంద్ అయితె ఎల్లుండే వోవచ్చు గద."

"వోవచ్చు. మరి కుంటాల ఎవలు చూడాలె?"

అనసూర్య బియ్యప్పిండి డబ్బా దింపి సర్వపిండికి పిండి కలిపింది.

మంగళవారం ఐదింటికి బయలుదేరారు. రాజంది పాత ఓమ్ని వ్యాను. వెనక సీటు తీసేసి ఇరవై కిలోల ఇనుప రాళ్లు పేర్చాడు. కాంటా సరిగ్గా తూస్తుందో లేదో చూడటానికి అవి కావాలి. గతుకు వచ్చినప్పుడల్లా అవి ఒకదానికొకటి తగిలి మోగేవి. కొండగట్టు దగ్గర అనసూర్య కిటికీలోంచి దండం పెట్టుకుని, ఆపమన్నట్టు భర్త వైపు చూసింది.

"అంజన్న ఏడికీ వోడు. నీళ్లే వోతయి" అని రాజం ఆపలేదు.

మెట్‌పల్లిలో చాయ్ తాగి, తొమ్మిదింటికి నిర్మల్ చేరారు. హోటల్లో రెండు ప్లేట్లు పోహా చెప్పుకున్నారు. తింటూ రాజం, మిల్లులో కాంటా చూసుకునే విఠల్‌రావు పంపిన వాయిస్ మెసేజ్ పెట్టాడు. విఠల్‌రావుది యవత్మాల్ వైపు. తెలుగు వచ్చినా తొందరలో మరాఠీలోకి పోతాడు.

"రాజంభావూ, కాటా కాల్ బంద్ పడ్లా" అంది ఫోన్. మిగతాది మిషన్ల చప్పుడులో కలిసిపోయింది.

"విన్నవా? కల్ బంద్ అంటుండు. అంటె ఇయ్యాల. ఇన్నేండ్లు తిరిగితె మరాఠీ రాకుంట ఎట్లుంటది?" అన్నాడు రాజం.

అనసూర్య చెంచా ప్లేటులో పెట్టింది. ఆమె పుట్టి పెరిగింది బెల్లంపల్లిలో, బొగ్గుగని కంపెనీ క్వార్టర్లలో. పక్క క్వార్టరు వాళ్లు చంద్రపూర్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల పిల్లలతో ఆడుకుంటూ మరాఠీ నేర్చుకుంది. ఉర్దూలో కల్ అంటే నిన్న కావచ్చు, రేపు కావచ్చు. మరాఠీలో కాల్ అంటే నిన్నే. రేపటికి వేరే మాట ఉంది. మెసేజ్ వచ్చింది సోమవారం. అంటే కాంటా ఆదివారమే పాడైంది. మిల్లు బంద్ కాలేదు. పత్తి బండ్లు నిలబడి ఉంటాయి.

"ఏమైంది? ఉప్పు తక్కువైందా?"

"లేదు. మంచిగనే ఉన్నది" అంది ఆమె.

వ్యాను ఘాట్ ఎక్కింది. చెబితే కుంటాల పోతుంది. పని కాగానే ఇంకో మిల్లు పిలుస్తుంది, వాపసులో రాజం ఎన్నడూ ఆగలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం విఠల్‌రావు ఫోన్ చేసేసరికి తాము జలపాతం దగ్గర ఉంటారు. తప్పు మాటదవుతుంది, మనిషిది కాదు. కానీ బండి మీద పత్తితో కూర్చున్నవాళ్లకు ఇంకో పూట పోతుంది. ఆమె తమ్ముడు పోశం పత్తి రైతే. కిందటేడు ఇలాగే మార్కెట్లో రెండు రాత్రులు బండి మీద పడుకుని జ్వరంతో ఇంటికొచ్చాడు.

నిర్మల్ నుంచి నేరడిగొండ ముప్పై అయిదు కిలోమీటర్లు. రాజం పాత హిందీ పాటలు పెట్టుకున్నాడు.

నేరడిగొండలో బోర్డు కనిపించింది. రాజం ఇండికేటర్ వేశాడు.

"జర ఆపు" అంది అనసూర్య. "కాల్ అంటె మరాఠీల నిన్న. కాంటా ఐతారమే బంద్ వడ్డది. మిల్లు నడుస్తుంది."

రాజం బండి పక్కకు ఆపి విఠల్‌రావుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"అరె భావూ, ఏడున్నవ్? పొద్దుగాలనే వస్తవనుకుంటి" అన్నాడు విఠల్‌రావు. "నలభై బండ్లున్నయి లైన్ల. నన్ను తిట్టుడొక్కటే తక్కువ. తిట్టుడు గుడ అయింది."

"గంటల ఉంట" అని రాజం ఫోన్ పెట్టేశాడు. భార్య వైపు తిరిగాడు. "నీకు నిర్మల్‌లనే తెలిసిందా?"

"తెలిసింది."

"మరి గప్పుడే చెప్పొద్దా?"

"నేరడిగొండ దాకా తొవ్వ ఒకటే గద. నీకు నిమిషం గుడ లేటు కాలే. నాకే జర సోచాయించుకునే టైం దొరికింది."

"ఏం సోచాయించినవ్?"

"చెప్పాల్నా వద్దా అని."

రాజం ఇండికేటర్ తీసేశాడు. "సరే, పోదం. కుంటాల మల్లొకసారి చూద్దం."

"మల్లొకసారంటె ఎండకాలమే. బండలు చూద్దమా?" అనసూర్య సర్వపిండి డబ్బా చేతిలోకి తీసుకుని తలుపు తెరిచింది. "నువ్వు వో. నేను చూసుకొని బస్సుల వస్త."

"ఒక్కదానివే ఎట్ల వోతవే?"

"నువ్వు ఇరవై రెండేండ్లు ఒక్కనివే వోలేదా ఆదిలాబాద్‌కు?"

రాజం జేబులోంచి మిల్లు చీటీ తీసి ఇచ్చాడు. "దీని మీద అడ్రస్ ఉన్నది. ఆటోవానికి చూపెట్టు. మెట్ల మీద పాకురు ఉంటదట, పైలం" అన్నాడు. వ్యాను ఆదిలాబాద్ వైపు పోయింది.

జలపాతానికి పోయే ఆటోలో ఒక కుటుంబం కూర్చుని ఉంది. "ఎంతమంది?" అన్నాడు డ్రైవర్. "ఒక్కదాన్నే" అంది అనసూర్య. అతను ముందు సీటులో చోటు చేశాడు.

అడవిలోంచి పన్నెండు కిలోమీటర్లు. పైనుంచి చూస్తే రాళ్లు, చెట్లు, కింద తెల్లటి గీత కనిపించాయి. ఇంతేనా అనుకుంది. మెట్లు దిగడం మొదలుపెట్టింది. నాలుగు వందల దాకా ఉన్నాయి. మూడు వందలు దిగాక నీళ్ల హోరులో పక్కవాళ్ల మాట వినిపించలేదు. కింద బండ మీద నిలబడి తల ఎత్తితే నీళ్లు రెండు మెట్లుగా పడుతున్నాయి. తుంపర చీరకు తగిలింది. అక్కడే కూర్చుని సర్వపిండి ఒకటిన్నర తిన్నది. మిగిలింది మూత పెట్టింది. గంటసేపు నీళ్లనే చూసింది. ఎవరూ పోదామనలేదు.

ఎక్కేటప్పుడు ఏడుసార్లు కూర్చుంది. పైన గోండు ఆడవాళ్లు సీతాఫలాలు అమ్ముతుంటే ఒక గంప కొన్నది.

మిల్లుకు చేరేసరికి నాలుగైంది. లైన్లో పన్నెండు బండ్లు మిగిలాయి. గేటు దగ్గర ఒకామె ఎడ్లబండి మీద కూర్చుని జొన్నరొట్టె తింటోంది. పేరు ప్రేమమ్మ, ఇచ్చోడ పక్క ఊరు. అనసూర్య చేతిలో గంప చూసి పలకరించింది.

"ఏడికెల్లి వస్తున్నవ్ అక్కా?"

"కుంటాల చూసొస్తున్న."

"మా ఊరికి దగ్గరనే. నేనే చూడలే. నీళ్లున్నయా?"

"మస్తున్నయి."

"నేను నిన్నటి సంది గీ కాంటనే చూస్తున్న" అని ప్రేమమ్మ నవ్వింది. "మెకానిక్ పదకొండింటికి వచ్చిండు. వైరు ఎలుకలు కొరికినయట."

అనసూర్య ఆమెకు నాలుగు సీతాఫలాలు ఇచ్చింది.

రాజం కాంటాను మరోసారి సరిచూసి, దాని మీద నుంచి చివరి రాయి దించుతున్నాడు. చొక్కా అంతా గ్రీజు.

"ఎట్లుంది?" అన్నాడు.

"పైకెల్లి చూస్తె ఏం లేదు. దిగాలె."

రాజం రాయి వ్యానులో పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "రేపు వాపస్‌ల ఆగుదమా?"

"ఆగు. నువ్వు దిగి చూసి రా" అంది అనసూర్య, మోకాలు ఒత్తుకుంటూ. "నేను పైన వ్యాన్ల కూసుంట. నాతోని మల్ల దిగుడు కాదు."

"ఒక్కన్నేనా?"

"ఏం, భయమైతుందా?"

విఠల్‌రావు కాంటా గది కిటికీలోంచి రాజంను కేకేశాడు. ప్రేమమ్మ బండి కాంటా ఎక్కింది.